సాయంత్రం ఉచితంగా చెప్పే చదువు మా అమ్మాయికి సరిపోతుందా?

ప్రశ్న: మాది ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న బస్తీ. నేను ఆటో నడుపుతాను, నా భార్య క్యాంపస్‌లో ఒక హాస్టల్ మెస్‌లో పనిచేస్తుంది. మా అమ్మాయి మంచి మార్కులతో పదో తరగతి పాసయింది. యూనివర్సిటీ విద్యార్థులు సాయంత్రాలు మా కమ్యూనిటీ హాలుకు వచ్చి లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు ఉచితంగా చెబుతున్నారు. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో బైపీసీ చేరి, ఈ క్లాసులకే వెళ్తానని అమ్మాయి మొండికేసింది. బంధువులేమో కార్పొరేట్ కళాశాల హాస్టల్లో ఎంపీసీలో చేర్చమంటున్నారు. ఇంట్లో ఉన్న బంగారం కుదువ పెట్టాలనుకుంటున్నాను. ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: మీరు పోలిక అడిగారు కానీ, ఉత్తరం నిండా కనిపించేది వేరే భయం. డబ్బు ఖర్చు పెట్టకపోతే తండ్రిగా తక్కువ చేసినట్టేనేమో అని. ఈ భయంతోనే నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామంది, కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. మీరు ఏమీ తక్కువ చేయలేదు. ఇంటి అవసరాలు ఎన్ని ఉన్నా కూతురిని సాయంత్రం ఏ పనికీ పంపకుండా చదువుకు పంపారు. ఆ మార్కుల్లో మీ వాటా ఉంది.

ఇప్పుడు కార్పొరేట్ కళాశాల సంగతి. ఇక్కడ నా అనుమానాలు దాచుకోను. దేశంలోని ఐఐటీలన్నింటిలో కలిపి ఉన్నవి దాదాపు 18 వేల సీట్లు. జేఈఈ మెయిన్ రాసేవాళ్లు పది లక్షలకు పైనే. పెద్ద కళాశాలల్లో పిల్లలను మార్కుల ప్రకారం సెక్షన్లుగా విడదీస్తారు. పేరున్న అధ్యాపకులు పై సెక్షన్లకు వెళ్తారు, ర్యాంకులూ ఫొటోలూ అక్కడి నుంచే వస్తాయి. కింది సెక్షన్ల పిల్లలకు ఏం దొరుకుతుందో ప్రకటనల్లో ఎక్కడా ఉండదు. మొదటి ఏడాది ఇచ్చిన రాయితీ రెండో ఏడాదీ ఉంటుందా, మధ్యలో మానేస్తే కట్టిన డబ్బు తిరిగి ఇస్తారా, సర్టిఫికెట్లు ఆపకుండా ఇస్తారా అని అడిగి కాగితం మీద రాయించుకున్న తండ్రులు నాకు అరుదుగా కనిపిస్తారు. అక్కడ చేరి బాగుపడిన పిల్లలు లేరని అనను. లెక్కలంటే ప్రాణం పెట్టి, ఇల్లు వదిలి ఉండగలిగి, ఫీజు అప్పు కాకుండా కట్టగలిగిన కుటుంబాల పిల్లలు కొందరు నెగ్గుకొస్తారు. మీ అమ్మాయికి ఆ మూడింటిలో ఒక్కటీ వర్తించదు. పైగా ఆమె అడిగింది బైపీసీ.

ఇక్కడ మిమ్మల్ని కొంచెం కోప్పడాలి. ఇంత ఉత్తరంలో ఆమె కోరికకు మీరిచ్చింది ఒక్క వాక్యం, దానికీ మొండితనం అని పేరు పెట్టారు. బైపీసీ ఎందుకని ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగారా? నీట్ రాకపోతే బైపీసీ వృథా అని ఎవరో చెప్పి ఉంటారు. అది తప్పు. వ్యవసాయం, పశువైద్యం, ఫార్మసీ, నర్సింగ్ ఉన్నాయి. బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివి పరిశోధన వైపు వెళ్లే దారి ఉంది. ఆ దారి చివర ఉండే సంస్థల్లో ఒకటైన సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం మీ ఇంటికి కూతవేటు దూరంలో హబ్సిగూడలో ఉంది, మీ ఆటోలో రోజూ దాని ముందు నుంచే వెళ్తూ ఉంటారు. దాని మాతృసంస్థ సీఎస్ఐఆర్ ఆవిర్భావ దినమైన సెప్టెంబరు 26 సందర్భంగా సీసీఎంబీ ప్రయోగశాలలను ప్రజలకు చూపించే ఆనవాయితీ ఉంది. ఈసారి ఎప్పుడో కనుక్కుని ఆ పూట బేరాలు మానుకుని అమ్మాయిని తీసుకువెళ్లండి.

సాయంత్రం క్లాసుల విషయంలోనూ ఉన్నదున్నట్టు చెబుతాను. అవి కళాశాలకు బదులు కావు. చెప్పేవాళ్లు విద్యార్థులే. సెమిస్టర్ పరీక్షలొస్తే రారు, చదువైపోతే వెళ్లిపోతారు. పదో తరగతి సైన్సు చెప్పగలిగిన వాళ్లందరూ ఇంటర్ ఫిజిక్స్ చెప్పలేరు. అందుకే పగలు కళాశాల, సాయంత్రం ఈ క్లాసు అన్న మీ అమ్మాయి ఆలోచనే సరైనది. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చేర్చే ముందు మీరే స్వయంగా వెళ్లి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీలకు అధ్యాపకులు ఉన్నారా, ల్యాబ్ తాళం తీస్తున్నారా చూడండి. లేకపోతే ఇంకో ప్రభుత్వ కళాశాల చూడండి, గురుకుల జూనియర్ కళాశాలలూ ఉన్నాయి.

ఉచితం కాబట్టి దానికి విలువ లేదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. వాళ్లు చేస్తున్నది దానమూ కాదు. జాతీయ సేవా పథకం 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. అందులో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సమాజం కోసం పనిచేయాలి. ప్రజల డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయం గోడ అవతలి బస్తీకి చదువు చెప్పడం దాని బాధ్యత. మీ పాప దాన్ని తలెత్తుకుని తీసుకోవచ్చు.

ఆ క్లాసులో పాఠంతోపాటు ఇంకొకటి దొరుకుతోంది, అది ఏ హాస్టల్ ఫీజుకూ రాదు. అక్కడ చెప్పే విద్యార్థుల్లో చాలామంది పల్లెల నుంచి వచ్చి, స్కాలర్‌షిప్ మీద ఆధారపడి చదువుతున్నవాళ్లే ఉంటారు. ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఎప్పుడు తీసి పెట్టుకోవాలో, ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుందో, డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ దరఖాస్తు ‘దోస్త్’లో ఏ కళాశాలను ముందు పెట్టాలో, హాస్టల్ సీటుకు ఎవరిని కలవాలో వాళ్లు అనుభవించి తెలుసుకున్నారు. చదువుకున్న ఇళ్లలో ఈ సంగతులు అన్నం తినేటప్పుడు మాటల్లోనే పిల్లలకు తెలిసిపోతాయి. మీ ఇంట్లో చెప్పేవారు లేరు, ఆ లోటు వీళ్లు తీరుస్తున్నారు. మీ భార్య ఆ ప్రాంగణంలోనే రోజూ వందల మంది విద్యార్థులకు వడ్డిస్తోంది. ఆ బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్లలో రేపు తన కూతురూ ఉండవచ్చని ఆమెకు ఎవరైనా చెప్పారా? ఆ అమ్మాయికి ఆ ఊహ ఆ క్లాసులోనే పుట్టిందని నాకు అనిపిస్తోంది. అందుకే వదలనంటోంది.

ఈ వారంలోనే ఒక సాయంత్రం హాలుకు వెళ్లండి. క్లాసులు నడిపించే అధ్యాపకుడు ఎవరో కనుక్కుని, ఇంటర్ పిల్లలకు ఎమ్మెస్సీ విద్యార్థులను పంపగలరా, పరీక్షల నెలల్లో ఎవరు వస్తారు, ఏడాదికి ఒకటి రెండుసార్లైనా పిల్లలను యూనివర్సిటీ గ్రంథాలయానికీ సైన్సు కళాశాల ల్యాబ్‌కూ తీసుకువెళ్తారా అని అడగండి. ఇంకో నలుగురు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్తే జవాబు త్వరగా వస్తుంది. ఆరు నెలలకొకసారి అమ్మాయి మార్కులు చూసుకోండి. ఒక్క సబ్జెక్టులో వెనకబడితే ఆ సబ్జెక్టుకే ట్యూషన్ పెట్టించండి, దానికి బంగారం కుదువ పెట్టే అవసరం రాదు.

బంధువులు మళ్లీ అడిగితే అమ్మాయి బైపీసీలో చేరిందని చెప్పండి.