పొలం బేరం పెట్టే ముందు

ప్రశ్న: తమ్ముడు ఎఫ్‌-1 (విద్యార్థి) వీసా మీద అమెరికా వెళ్లాడు. స్టేటస్‌ (అక్కడ ఉండే అర్హత) పోవడంతో న్యూజెర్సీలో డిటెన్షన్‌లో (నిర్బంధంలో) పెట్టారు. లాయరు 12 వేల డాలర్లు అడుగుతున్నాడు, బాండ్‌ డబ్బు (విడుదలకు కట్టే పూచీ సొమ్ము) వేరే అంటున్నాడు. ఎకరం అమ్మి పంపమంటారా? - ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఈ వారం అమ్మకండి. మీ అవసరం తెలిసిన కొద్దీ కొనేవాడు ధర తగ్గిస్తాడు. ముందు ఫీజు లేని లాయరు కోసం ప్రయత్నిద్దాం.

అక్కడ డిపోర్టేషన్‌ (దేశం నుంచి పంపేయడం) సివిల్‌ కేసు, క్రిమినల్‌ కాదు. లాయరును పెట్టుకునే హక్కుంది గానీ, ప్రభుత్వ ఖర్చుతో కాదని చట్టంలోనే ఉంది. భాష సరిగా రాని మనిషి, చదువు మధ్యలో ఆగిన కుర్రాడు ప్రభుత్వ లాయరు ఎదుట ఒంటరిగా నిలబడటం అన్యాయం. ఆ లోటును కొన్ని నగరాలు, రాష్ట్రాలు తమ బడ్జెట్‌తో పూడుస్తున్నాయి. న్యూయార్క్‌ నగరం 2013లో మొదలుపెట్టింది. న్యూజెర్సీ 2018లో డిటెన్షన్‌లో ఉన్నవారి కోసం నిధులు ఇవ్వడం ప్రారంభించింది. లీగల్‌ సర్వీసెస్‌ ఆఫ్‌ న్యూజెర్సీ, అమెరికన్‌ ఫ్రెండ్స్‌ సర్వీస్‌ కమిటీ, రట్గర్స్‌, సీటన్‌ హాల్‌ లా స్కూళ్లు ఆ కేసులు చూస్తున్నాయి. ఇది ఏటా బడ్జెట్‌లో కేటాయించే డబ్బు, లాయర్లు కొద్దిమందే. ఒకరు కాదంటే ఇంకొకరికి ఫోన్‌ చేయించండి. తమ్ముణ్ని వేరే రాష్ట్రానికి తరలిస్తే ఈ సాయం చేజారవచ్చు, అందుకే ఈ పని ఇవాళే కావాలి.

ఫోన్‌ చేసేవారి దగ్గర తమ్ముడి పుట్టినతేదీ, తొమ్మిదంకెల ఏ-నంబరు (అక్కడి ఇమిగ్రేషన్‌ శాఖ ఇచ్చే ఫైలు నంబరు), పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు ఉండాలి. మనవాళ్లకు ఇంటిపేరు, పేరు తారుమారై ఐసీఈ (డిటెన్షన్‌ చూసే అమెరికా ఇమిగ్రేషన్‌ శాఖ) వారి ఆన్‌లైన్‌ లొకేటర్‌లో మనిషి దొరకకపోవడం మామూలే. రెండు విధాలా వెతకండి. లాయరు చూడనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని తమ్ముడికి చెప్పండి. మొదటి వాయిదాలో లాయరు కోసం గడువు అడగవచ్చు.

డబ్బు లాయరుకే ఇవ్వాల్సివస్తే బాండ్‌ విచారణకు ఎంత, అసలు కేసుకు ఎంత అని విడివిడిగా రాయించుకోండి.

ఫీజు తిరిగిరాదు, బాండ్‌ తిరిగొస్తుంది. వీసాతో వెళ్లినవాడు, తీవ్రమైన నేరాలు లేనివాడు జడ్జిని బాండ్‌ అడగవచ్చు. అది 1,500 డాలర్లకు తగ్గదు, ఎక్కువే పడుతుంది, వాయిదాల్లో కట్టనివ్వరు. ఎవరి పేరున కడితే డబ్బు తిరిగి వారికే వస్తుంది, అదీ కేసు ముగిశాకే. కాబట్టి అక్కడ కట్టే మనిషి నమ్మకస్తుడై ఉండాలి, మీ డబ్బని మీకు రాసివ్వాలి. బాండ్‌ కట్టినందుకు ఇచ్చే ఐ-305 రసీదు పోగొట్టుకోకూడదు. కేసు ముగిశాక, బాండ్‌ రద్దయిందని ఐసీఈ పంపే ఐ-391 నోటీసుతో పాటు దాన్ని తిరిగి పంపాలి. బాండ్‌ కట్టిన మనిషి ఇల్లు మారితే ఐసీఈకి తెలపాలి, లేకపోతే నోటీసు పాత చిరునామాకే పోతుంది. తమ్ముడు పిలిచినప్పుడు హాజరు కాకపోతే బాండ్‌ మొత్తం జప్తు.

పంపేటప్పుడు బ్యాంకు ద్వారానే పంపండి. ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన భాగంపై 20 శాతం టీసీఎస్‌ (బ్యాంకు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పడుతుంది. రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. మీరూ నాన్నగారూ ఎవరి ఖాతా నుంచి వారు పంపితే ఎవరి పరిమితి వారిదే. ‘ఇక్కడ రూపాయలివ్వండి, అక్కడ డాలర్లిస్తా’ అనేవారి జోలికి పోకండి. అది ఫెమా (విదేశీ మారక చట్టం) ఉల్లంఘన, రేపు బాండ్‌ డబ్బు మీదేనని చూపడానికి కాగితం కూడా మిగలదు.