వినికిడి లోపం, షాప్‌ఫ్లోర్ భద్రత: ఏ శబ్దం గురించి భయమో ముందు అడగండి

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేసి ఒక తయారీ కంపెనీలో మెయింటెనెన్స్ ట్రైనీగా చేరాడు. చిన్నప్పటి నుంచి రెండు చెవులకూ వినికిడి తక్కువ. హియరింగ్ ఎయిడ్స్ వాడతాడు. ఈ మధ్య వెనక నుంచి వచ్చిన ఫోర్క్‌లిఫ్ట్ (సరుకు ఎత్తి మోసే బండి) హారన్ వాడికి వినపడలేదని సూపర్‌వైజర్ రిపోర్ట్ రాశారు. దెబ్బేమీ తగల్లేదు. ఇప్పుడు సేఫ్టీ కారణాలతో స్టోర్స్‌లో కంప్యూటర్ పనికి మారుస్తామంటున్నారు. వాడికి అది అస్సలు ఇష్టం లేదు. ఒప్పుకోమనాలా? నేను వెళ్లి మాట్లాడనా?
– ఒక తండ్రి

జవాబు: తొందరపడి ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని ముందు మీ అబ్బాయికి చెప్పండి. 'సేఫ్టీ' అనేది చాలా పెద్ద మాట. దానికి అలాగే జవాబు చెప్పబోతే ఎవరూ నెగ్గలేరు. అందుకే కంపెనీకి ఒక చిన్న మెయిల్ పెట్టమనండి: "నేను ఏ చోట, ఏ పని చేసేటప్పుడు, ఏ శబ్దం వినపడకపోతే ప్రమాదమని మీరు భావిస్తున్నారో దయచేసి రాసి ఇవ్వండి. ఆ పని సురక్షితంగా చేయడానికి ఏం మార్చవచ్చో కలిసి చూద్దాం." ఇలా అడిగితే గొడవ పెట్టుకున్నట్టు ఉండదు. అవతలి వాళ్లూ కూర్చుని ఆలోచించక తప్పదు.

సూపర్‌వైజర్‌ను శత్రువుగా చూడకండి. ఆయన షిఫ్టులో ఎవరికైనా ఏమైనా అయితే జవాబు చెప్పాల్సింది ఆయనే. పైగా ఆ భయంలో కొంత నిజం ఉంది. హియరింగ్ ఎయిడ్ ప్రశాంతమైన గదిలో, ఎదురుగా కూర్చున్న మనిషి మాట వినడానికి బాగా పనికొస్తుంది. యంత్రాల మధ్య అయితే మాటతో పాటు రొదనూ పెంచుతుంది. శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో గుర్తించడం కూడా కష్టమవుతుంది. కాబట్టి మీ అబ్బాయి పట్టుదలకు పోయి "నాకు అన్నీ వినపడతాయి" అని మాత్రం అనకూడదు. ఆ మాట తప్పని ఒక్కసారి తేలితే, ఆ తర్వాత ఏం చెప్పినా నమ్మరు.

ఇక ఫోర్క్‌లిఫ్ట్ సంగతి. ఆ రోజు అతను ఎక్కడ నిలబడ్డాడు? బండి రాక్‌ల మూల తిరిగి వచ్చిందా? అక్కడ నడవడానికి వేరే దారి గీసి ఉందా? చుట్టూ ఉన్నవాళ్లు ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకున్నారా? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. రొద 85 డెసిబెల్స్ దాటే చోట సాధారణంగా అందరికీ చెవి రక్షణ ఇస్తారు. ప్లగ్‌లు పెట్టుకున్నాక మామూలు వినికిడి ఉన్నవాళ్లకూ హారన్ మందగించే వినిపించవచ్చు. ప్రమాద హెచ్చరిక శబ్దాల మీద ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7731 ప్రకారం, హెచ్చరిక చుట్టూ ఉన్న రొద కంటే కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువగా ఉండాలి. ఆ మూలలో భద్రత అంతా ఒక్క హారన్ మీదే ఆధారపడి ఉంటే, అది అక్కడ నడిచే ప్రతి ఒక్కరికీ ప్రమాదమే. నడకదారికి పసుపు గీతలు, మూలలో కుంభాకార అద్దం, బండి రాకముందే నేల మీద పడే నీలి లైటు, మనిషి తనను చూశాడని తెలిసేదాకా డ్రైవర్ బండి కదపకూడదన్న నియమం. ఇవేవీ కొత్తవి కావు, చాలా గోడౌన్లలో ఉన్నవే. మీటింగ్‌లో అబ్బాయి వీటిని తనకోసం చేసే ఉపకారంగా కాకుండా, అందరికీ పనికొచ్చే మార్పులుగా చెప్పాలి.

మిగతా శబ్దాలనూ ఇలాగే ఒక్కొక్కటిగా కాగితం మీద పెట్టాలి. ఫైర్ అలారానికి మెరిసే లైటు, జేబులో వైబ్రేట్ అయ్యే పేజర్ ఉంటాయి. ఖాళీ చేసేటప్పుడు అతన్ని చూసుకునే బాధ్యత ఫలానా సహోద్యోగిదని ముందే రాసి ఉండాలి. వాష్‌రూమ్‌ను మర్చిపోవద్దు, ఒంటరిగా ఉండేది అక్కడే. క్రేన్ దగ్గర చేతి సంకేతాలు ఎలాగూ వాడతారు. మెయింటెనెన్స్‌లో అసలు పెద్ద భయం, రిపేరు మధ్యలో ఎవరో యంత్రం ఆన్ చేయడం. దానికి విరుగుడు లాకౌట్-ట్యాగౌట్: స్విచ్‌కు తన తాళం తను వేసుకుని, తాళంచెవి తన జేబులో పెట్టుకోవడం. చెవితో పని లేని రక్షణ ఇది. దీన్ని తు.చ. తప్పకుండా పాటించే ట్రైనీ అని పేరు తెచ్చుకుంటే అంతకంటే బలమైన వాదన లేదు.

ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) ఒక్కటే తీసుకెళ్తే సరిపోదు. అది నిశ్శబ్దమైన గదిలో చేసే పరీక్ష. షాప్‌ఫ్లోర్‌లో అలారం వినపడుతుందో లేదో అది చెప్పదు. ఎయిడ్స్ పెట్టుకుని, రొదలో మాట ఎంత అర్థమవుతుందో చూసే పరీక్ష చేయమని ఆడియాలజిస్టును, అంటే వినికిడి నిపుణుణ్ని అడగండి. సేఫ్టీ ఆఫీసర్ సమక్షంలో పని చోటే అలారం మోగించి చూడమని కోరండి. 3000 హెర్ట్జ్ దగ్గర కీచుగా కూసే అలారం అందని వారికి, 520 హెర్ట్జ్ దగ్గర బొంగురుగా మోగేది వినిపించవచ్చు. అలాంటప్పుడు అలారం మార్చితే చాలు.

ఇంకో మాట. ఆఫ్ చేసిన హియరింగ్ ఎయిడ్ చెవి రక్షణ కాదు. ఉన్న వినికిడి కూడా రొదకు పోకుండా చూసుకోవాలి. ఎయిడ్స్ మీద ఇయర్‌మఫ్స్ పెట్టుకోవచ్చా అన్నది ఆడియాలజిస్టునే తేల్చమనండి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 27వ అధికరణం పని చోట తగిన సర్దుబాట్లు కల్పించాలంటుంది. సురక్షితమైన పని పరిస్థితుల హక్కునూ చెబుతుంది. మొదటి మీటింగ్‌లోనే ఈ పేరు ఎత్తితే ఎదుటివాళ్లు లాయర్ వైపు చూస్తారు. దగ్గర ఉంచుకోండి, అవసరమైనప్పుడు తీయండి.

మీరు వెళ్లొద్దు. కన్నవాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది, కానీ తండ్రి వచ్చి మాట్లాడితే కంపెనీ కళ్లకు అతను ఇంకా చిన్నపిల్లాడిలాగే కనిపిస్తాడు. అతనే మాట్లాడాలి. రొద లేని గది, అందరి ముఖాలూ కనిపించే కుర్చీ ముందే అడగాలి. వినపడని మాటకు తల ఊపకుండా "మళ్లీ చెప్పండి సర్" అనాలి. అనుకున్నవన్నీ అదే రోజు మెయిల్‌లో రాసి పంపాలి.

మార్పులు చేసి ఒక నెల ట్రయల్ చూద్దామని అడగమనండి. అన్నీ చేశాక కూడా ఏదో ఒక పని, రాత్రి షిఫ్టులో ఒంటరిగా చేసేది లాంటిది, నిజంగా ప్రమాదమని తేలితే ఆ ఒక్క పని వదులుకోవచ్చు. దానికోసం మొత్తం ట్రేడ్ వదులుకోనక్కర్లేదు. ఈలోగా స్టోర్స్‌కు పంపక తప్పదంటే మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోవాలి: అది తాత్కాలికమని, జీతం, గ్రేడ్, ట్రైనింగ్ కాలం తగ్గవని, ఫలానా తేదీన మళ్లీ సమీక్షిస్తామని.