చలి చివరి నెలల అంచనా మ్యాపు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: చలి చివరి మూడు నెలల అంచనాలో మా ప్రాంతానికి ‘సాధారణం కన్నా వెచ్చగా, 45 శాతం’ అని ఉంది. సగం కూడా లేని అంకెను నమ్మేదెలా?

జవాబు: దాన్ని 50తో కాదు, 33తో పోల్చండి. 1991 నుంచి 2020 దాకా 30 ఏళ్ల రికార్డును చల్లనివి, మధ్యరకం, వెచ్చనివి అంటూ పదేసి ఏళ్ల చొప్పున మూడు వాటాలు వేస్తారు. ఎటూ మొగ్గు లేకపోతే ఒక్కో వాటాకు 33 శాతం. 45 అంటే వెచ్చదనం వైపు మొగ్గు గట్టిగానే ఉంది. మధ్య వాటాను 33 దగ్గరే ఉంచితే చలికి ఇంకా 22 మిగులుతుంది, అదీ కొట్టిపారేసేది కాదు. ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో మాత్రం ఈ అంకె చెప్పదు. మ్యాపులో తెల్లగా వదిలేసిన చోట వాతావరణం సాధారణంగా ఉంటుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అక్కడ మూడింటికీ సమాన అవకాశం ఉందని మాత్రమే అర్థం.

ప్రశ్న: వెచ్చగా ఉంటుందన్నారు కదా, లేత మొక్కల మీద కప్పిన గుడ్డ తీసేయవచ్చా?

జవాబు: వద్దు. అంచనా మూడు నెలల సగటుకు సంబంధించినది. 90 రాత్రుల్లో రెండు రాత్రులు 9 డిగ్రీల చొప్పున పడిపోయినా కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు తగ్గేది 0.2 డిగ్రీలే. మొక్క మాడిపోవడానికి ఒక్క రాత్రి చాలు. పైగా వెచ్చదనానికి మొగ్గలు ముందే విచ్చుకుంటే మంచు దెబ్బ ఇంకా ఎక్కువ. అందుకే ఈ నిర్ణయానికి రోజువారీ సూచననే చూడండి. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆగిన రాత్రి, సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో కొలిచే అధికారిక ఉష్ణోగ్రత కన్నా నేల మీద కొన్ని డిగ్రీలు తక్కువ ఉంటుంది. కనిష్ఠం 3, 4 డిగ్రీలని చెప్పినా కప్పండి. మట్టి పొడిగా ఉంటే పగలే తడపండి, తడి నేల వేడిని బాగా నిలుపుకుంటుంది. నేల వేడి పోకముందే, సాయంత్రమే, గుడ్డ అంచులు నేలను తాకేలా కప్పి, పొద్దెక్కాక తీయండి.

ప్రశ్న: ఉష్ణోగ్రతకు రంగులున్నాయి, వర్షం మ్యాపు దాదాపు ఖాళీ. ఎందుకు?

జవాబు: చాలాచోట్ల సీజను వర్షమంతా నాలుగైదు తుపానుల నుంచే వస్తుంది. ఒక్కటి వంద కిలోమీటర్లు పక్కకు జరిగినా లెక్క తారుమారవుతుంది. బలమైన ఎల్‌నినో (పసిఫిక్ సముద్రపు నడిమి భాగం మామూలు కన్నా వేడెక్కడం) లేదా లానినా (అదే చల్లబడటం) ఉన్న ఏడాది వర్షం మ్యాపుకూ కొంత ఆధారం దొరుకుతుంది. నీటి నిల్వల విషయంలో ఖాళీ మ్యాపును భరోసాగా తీసుకోకుండా, తక్కువ వర్షానికీ సరిపడేలా లెక్క వేసుకుని, నెలనెలా వచ్చే కొత్త అంచనాతో సవరించుకోండి.