‘మీ ఇష్టం’ అన్న మాటను వెనక్కి తీసుకోండి

ప్రశ్న: నా వయసు 32. మావారూ నేనూ ఇద్దరం ఉద్యోగస్తులం. అయిదేళ్ల బాబు ఉన్నాడు. పెళ్లయిన ఏడేళ్లూ అద్దె ఇళ్లలో గడిపి, ఈ మధ్యే మియాపూర్ దగ్గర 1,240 చదరపు అడుగుల ఫ్లాటు కొనుక్కున్నాం. వేసవి చివర్లో తాళాలు చేతికొచ్చాయి. శ్రావణంలో గృహప్రవేశం. ఇంటీరియర్ పనికి ఒక సంస్థ 11 లక్షల 40 వేలకు అంచనా ఇచ్చింది. మా దగ్గరున్న 3 లక్షల 40 వేలు పోను, మిగతా 8 లక్షలకు 12 శాతం వడ్డీతో పర్సనల్ లోన్ తీసుకుందామని మావారి పట్టుదల. ఇంటి రుణానికే నెలకు 46 వేలు కడుతున్నాం. వంటగది గురించి డిజైనర్‌తో నేనేదో చెప్పబోతే, ‘నీకేం తెలుసు, వాళ్లు రోజూ చేసే పని అది’ అన్నారు. అప్పటినుంచి ఏ బొమ్మ చూపించినా ‘మీ ఇష్టం’ అని ఊరుకుంటున్నాను. మామగారు పోయాక ఊళ్లో ఒంటరిగా ఉంటున్న అత్తగారు ఇకమీదట మాతోనే ఉంటారు. ఆవిడ టేకు బీరువాకు గానీ, మామగారి ఫొటోకు గానీ ఆ డిజైన్‌లో చోటు లేదు. ‘నాదేముంది, పాత సామాను ఎవరికైనా ఇచ్చేయండి’ అంటున్నారావిడ. మూడేళ్ల కిందట శిల్పారామంలో నేను ముచ్చటపడి కొన్న, గుడ్డ మీద వేసిన చేర్యాల బొమ్మ కూడా ఇంకా చుట్టచుట్టి అలమరలోనే ఉంది. మావారు చిన్నతనంలో గోడకు మేకు కూడా కొట్టనివ్వని పోర్షన్లలో పెరిగారు, అందుకే ఈ ఇంటి మీద అంత ఆశ అనుకుంటాను. కానీ మొదటిసారి సొంతిల్లు సర్దుకుంటున్న సంతోషం మాత్రం నాకు లేదు. అడ్వాన్సు 25 వేలు ఇచ్చాం, ఒప్పందం మీద సంతకాలు ఇంకా కాలేదు. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇది డబ్బు సమస్యగా కనిపించింది. రెండోసారి చదివినప్పుడు మాత్రం, ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు పలికిన రెండు మాటల దగ్గర ఆగిపోయాను. మీరు ‘మీ ఇష్టం’ అంటున్నారు, మీ అత్తగారు ‘నాదేముంది’ అంటున్నారు. మన ఇళ్లలో ఈ రెండు మాటలకూ ‘సరే’ అనే అర్థం ఎన్నడూ లేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయితే మీవారికి ఆ సంగతి తెలుస్తోందా అన్నది నా అనుమానం. భార్య ఒప్పుకుంది, తల్లి ఒప్పుకుంది, ఇక తన బాధ్యతల్లా డబ్బు తెచ్చి పని ముగించడమేనని ఆయన నమ్ముతూ ఉండవచ్చు. మీ ఇద్దరి మౌనాన్నీ రెండు సంతకాలుగా లెక్కవేసుకుని, మూడో సంతకం తాను పెట్టబోతున్నారు.

ఇలా అంటున్నానని ఆయన చేసినదాన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. పరాయి మనిషి ముందు ‘నీకేం తెలుసు’ అనడం తప్పు, అది చిన్న తప్పు కూడా కాదు. దాన్ని ఆయనకు చెప్పి తీరాలి. కాకపోతే ఆ మాటను ఇంటీరియర్ తగాదాలో కలపకుండా, వేరే రోజున, బాబు నిద్రపోయాక, ‘ఆ రోజు ఆ అబ్బాయి ముందు మీరు అలా అన్నప్పుడు నాకు ఆ ఇల్లు నాది కాదనిపించింది’ అని ఒక్క వాక్యంలో చెప్పి ఆగిపోండి. సంజాయిషీ వచ్చినా రాకపోయినా వెంటనే ప్లైవుడ్ ధరల్లోకి దిగకండి. రెండు విషయాలు ఒకే రాత్రి మాట్లాడితే, రెండోదాని చాటున మొదటిది తప్పించుకుంటుంది.

మేకు గురించి మీరు రాసిన వాక్యం నాకు చాలా విలువైనదిగా తోచింది. మీ ఉత్తరం అంతటిలో మీవారిని మీరు ప్రేమతో చూసిన చోటు అదొక్కటే. ఓనరు అనుమతి లేకుండా క్యాలెండరు కూడా తగిలించుకోలేని గదుల్లో పెరిగిన పిల్లవాడు, పెద్దయి సొంత గోడలు చేతికి రాగానే వాటిలో ఒక్కదాన్నీ ఖాళీగా వదలకుండా చెక్కతో కప్పేయాలనుకోవడంలో వింత లేదు. ఆయన అడుగుతున్నది ఫాల్స్ సీలింగు కాదని నా ఊహ. వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి ‘ఇల్లు బాగుంది’ అనడం ఆయనకు కావాలి. ఆ కోరికను చులకన చేయకండి. అయితే గృహప్రవేశానికి వచ్చిన బంధువులు పప్పులో ఉప్పు గురించి మాట్లాడుకున్నంతగా టీవీ యూనిట్ గురించి మాట్లాడుకోరన్నది నా అనుభవం.

ఇక మీ అత్తగారి విషయం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ ఇంట్లో అందరికన్నా ఎక్కువ పోగొట్టుకుని వస్తున్నది ఆవిడే. భర్త పోయాడు, ఊరు వదులుతున్నారు, వాకిలి, పెరడు, పలకరించే ఇరుగుపొరుగు అన్నీ వదులుతున్నారు. వాటన్నిటికీ మిగిలిన ఆనవాళ్లు ఒక బీరువా, ఒక ఫొటో. అవి కూడా కొడుకు కొత్త ఇంటికి నప్పవని ఎవరూ అనకముందే ఆవిడే అనేశారు. కాదనిపించుకోవడం కన్నా తానే వద్దనడం పరువుగా ఉంటుంది కాబట్టి అలా అని ఉంటారు. ‘మీకేం కావాలి అత్తయ్యా’ అని అడిగితే మళ్లీ ‘నాదేముంది’ అనే జవాబే వస్తుంది. అలా అడగకండి. ‘మీ బీరువా ఊళ్లో ఏ గోడకు ఉండేది, అందులో ఏ అరలో ఏం పెట్టేవారు’ అని అడిగి చూడండి. మాట ఆ దారిన నడిస్తే, ఏది ఉండాలో ఏది పోవాలో ఆవిడే తేల్చి చెబుతారు.

టేకు బీరువాను బరువుగా కాక ఆదాగా చూడవచ్చు. ఆవిడ గదిలో ఆ అంచనా ప్రకారం కట్టబోయే వార్డ్‌రోబ్‌ను కొట్టేయించి, దాని చోట ఈ బీరువా పెట్టండి. పాత టేకును సానపట్టి పాలిష్ చేయించడానికి అయ్యే ఖర్చు, కొత్త వార్డ్‌రోబ్ ఖర్చు ముందు ఏపాటిది? ఒక్క జాగ్రత్త: ఊరి నుంచి లారీ ఎక్కించే ముందు మీ అపార్టుమెంటు లిఫ్టు తలుపు వెడల్పు, మీ గుమ్మం వెడల్పు టేపుతో కొలుచుకోండి, విడదీసి తేవడానికి వీలున్న బీరువానో కాదో వడ్రంగి చేత చూపించండి. సామాను ఎక్కించడానికి మీ అసోసియేషన్ వారు వేళలు పెట్టి ఉంటే అవీ కనుక్కోండి. ఫొటో సంగతి ఇంకా సులువు. పెద్దల ఫొటోలు దక్షిణపు గోడకు పెట్టుకోవాలని, పూజ గదిలో దేవుళ్లతో కలపకూడదని వాస్తు పాటించేవారు చెబుతారు. ఆవిడకు ఆ పట్టింపు ఉందో లేదో అడిగి, హాల్లో ఆవిడ కూర్చునే చోటు నుంచి కనిపించే గోడను ఎంచండి. డిజైనర్ బొమ్మలో అక్కడ పలకలు ఉంటే, మారవలసింది పలకలే.

పని విషయానికి వస్తే, మీవారు అన్నీ శ్రావణంలోపే అయిపోవాలంటున్నారు. అందులో కొన్నింటికి నిజంగానే తొందర ఉంది, మిగతావాటికి తొందరపడటం నష్టం. కరెంటు పాయింట్లు, నీళ్ల గొట్టాలు, వంటగది గట్టు, కిటికీలకు దోమతెరలు, ఫ్యాన్లు, గీజరు ముందే తేలాలి. ముఖ్యంగా మీ భవనం మైవాన్ పద్ధతిలో, గోడలన్నీ కాంక్రీటుతో పోతపోసి కట్టినదైతే, ఆ గోడలను చీల్చి కొత్తగా వైర్లు వేయడానికి వీలుండదు, ఏ పాయింటు ఎక్కడుందో చూసుకునే సామాను అమర్చాలి. ఫాల్స్ సీలింగు, గోడల మీద పలకలు, సోఫా వెనక అలంకారాలు మాత్రం ఒక వానాకాలం, ఒక వేసవి ఆగవచ్చు, ఆగితేనే మంచిది. కొత్త గోడల్లో తడి ఇంకా ఆరుతూ ఉంటుంది. ఏ బాల్కనీ మూల నుంచి చెమ్మ దిగుతుందో, ఏ బాత్‌రూమ్ గోడ అవతలి వైపు పెయింటు ఉబ్బుతుందో మొదటి వానలు చెబుతాయి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం, ఫ్లాటు అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపాన్ని మీరు తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో మీ దగ్గర పైసా తీసుకోకుండా సరిచేయాలి. ఆ చెమ్మ మీద ముందే పలకలు బిగించేస్తే అది మీ కంటపడేది ఆలస్యంగా, ‘మీ వడ్రంగి వేసిన చిల్లుల వల్లే’ అని వాదించే సందు బిల్డరుకు దొరికేది తొందరగా. మీ హాలు పడమటి ముఖమైతే, వచ్చే ఏప్రిల్ సాయంత్రాలు అక్కడ కూర్చుని చూడకుండా కర్టెన్ల నిర్ణయం కూడా చేయకండి.

డబ్బు లెక్క క్లుప్తంగా చెబుతాను. 8 లక్షలు 12 శాతం వడ్డీకి అయిదేళ్ల గడువుతో తీసుకుంటే నెలవాయిదా దాదాపు 17,800 రూపాయలు, మొత్తం మీద వడ్డీ దాదాపు 2 లక్షల 68 వేలు. ఇంటి రుణంతో కలిపితే నెలకు 63,800 వరకు అవుతుంది. ఇది మీ ఇద్దరి జీతాలకు భారమో కాదో మీరే చెప్పాలి, నాకు మీ జీతాలు తెలియవు. అయితే మీ ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఆరు నెలలు ఆగినా ఈ మొత్తం కట్టగలమా అన్న ప్రశ్న ఆయనను అడగండి. ఆ ప్రశ్న ఎవరినీ తప్పుపట్టదు.

‘నీకేం తెలుసు’ అన్న మాటకు సరైన జవాబు వంటగదిలోనే ఉంది. డిజైనర్‌కు తెలిసినవి అతనికి తెలుసు. 26 కిలోల బియ్యం బస్తా ఎక్కడ దిగుతుందో, ఆవకాయ జాడీలు వంగకుండా అందే ఎత్తులో ఎక్కడుంటాయో, గ్రైండరు ఎత్తి దింపకుండా పెట్టిన చోటే తిరగాలంటే ప్లగ్గు ఎటు ఉండాలో, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ పప్పు డబ్బా కోసం కింది అరలోకి వంగగలదో లేదో మీకే తెలుసు. గట్టు ఎత్తు పుస్తకం కొలత ప్రకారం కాక, రోజూ అక్కడ నిలబడే మనిషి మోచేతికి నాలుగంగుళాలు దిగువగా ఉంటే భుజాలు నొప్పిపుట్టవు. మెరిసే ముదురు రంగు తలుపులు బొమ్మలో అందంగా ఉంటాయి, బోరు నీళ్ల చుక్క ఆరిన ప్రతిచోటా తెల్లటి మచ్చ కనిపిస్తుంది. సింకు కింద వాడే ప్లైవుడ్ ఏ రకమో కాగితం మీద రాయించుకోండి: నీటికి తట్టుకునే మెరైన్ రకానికి ఐఎస్ 710 గుర్తు, సాధారణ రకానికి ఐఎస్ 303 గుర్తు ఉంటాయి. చదరపు అడుగుకు వేసిన రేటు తలుపు ముఖం కొలతకా, లోపలి పలకలన్నింటి కొలతకా, జీఎస్టీ అందులో కలిసిందా అన్నవీ అడగండి. ఇన్ని ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని వచ్చిన మనిషిని, ఎవరి ముందైనా సరే, ఆ మాట అనడం కష్టం.

ఆ కాగితం మీవారికి ముందు చూపించండి, డిజైనర్‌కు కాదు. వచ్చే ఆదివారం మీరిద్దరూ, వీలైతే అత్తగారూ కలిసి ఆ ఖాళీ ఫ్లాటుకు వెళ్లండి. పాత న్యూస్ పేపర్లు, సుద్దముక్క, టేపు తీసుకెళ్లి, మంచం ఇంత, బీరువా ఇంత, సోఫా ఇంత అని నేల మీద పరిచి, మధ్యలో నడిచి చూడండి. కంప్యూటర్ తెర మీది బొమ్మలో ఇల్లు ఎప్పుడూ పెద్దదిగా కనిపిస్తుంది, పేపర్ల మధ్య నడిస్తే బాబు సైకిలుకు చోటుందో లేదో తేలిపోతుంది. అక్కడే నిలబడి, ‘ఇన్నాళ్లూ మీ ఇష్టం అన్నాను, అది కోపంతో అన్న మాట. నాకూ కొన్ని ఇష్టాలున్నాయి’ అని చెప్పండి. ఆ వెంటనే, హాల్లో టీవీ ఉండే గోడను పూర్తిగా ఆయనకు వదిలేయండి. అక్కడ దీపాలు పెట్టుకున్నా, ముదురు రంగు వేసుకున్నా మీరు పల్లెత్తు మాట అనవద్దు. వంటగది మీ మాట ప్రకారం, అత్తగారి గది ఆవిడ మాట ప్రకారం, ఆ గోడ ఆయన మాట ప్రకారం జరగనివ్వండి. పూజ గదికి మాత్రం ముగ్గురూ కలిసి కూర్చోక తప్పదు, దానికి నా దగ్గర సులువైన పరిష్కారం లేదు.

ఆ సంస్థ వారిని గదుల వారీగా అంచనా విడగొట్టి ఇమ్మనండి. చేతిలో ఉన్న 3 లక్షల 40 వేలలో, పాలు పొంగించే రోజుకు కావలసిన వంటగది, మీ పడగ్గదిలో ఒక వార్డ్‌రోబ్, దీపాలు ఎంతవరకు వస్తాయో చూడండి. మిగతాది వచ్చే ఏడాది మాట. వారు మొత్తం పని ఇస్తేనే చేస్తామంటే, 25 వేలు ఏ షరతు మీద ఇచ్చారో రసీదు చూసుకుని, అవసరమైతే మంచి వడ్రంగిని వెతుక్కోండి. ఆ 25 వేలు తిరిగి రావేమోనన్న భయంతో 11 లక్షల కాగితం మీద సంతకం పెట్టడం మాత్రం వద్దు. జనవరిలో నాంపల్లి నుమాయిష్ వస్తుంది, పరుపుల మీది దుప్పట్లకు పోచంపల్లి ఉంది, ఇంటికి కావలసిన అందమైన వస్తువులు ఒక్కొక్కటీ వాటంతట అవి కంటపడటానికి ఈ ఊళ్లో ఏడాది పొడవునా తావులున్నాయి.

చేర్యాల బొమ్మను మాత్రం అంతకాలం ఆపకండి. గుడ్డ మీద సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి వేసిన బొమ్మలవి, ఏళ్ల తరబడి చుట్టి ఉంచితే ఆ పూత బీటలు తీసే ప్రమాదం ఉంది. ఎండ నేరుగా పడని, తడి తగలని గోడ చూసి అద్దం ఫ్రేములో పెట్టించండి. దానికి చోటు ఎవరినీ అడగవలసిన పని లేదు, ఎక్కడ పెడుతున్నారో చెబితే చాలు.

గృహప్రవేశానికి ముందు రోజు, సామాను ఇంకా సర్దకముందే, మామగారి ఫొటోకు మేకు ఏ ఎత్తులో ఉండాలో అత్తగారిని వేలు పెట్టి చూపించమనండి. గోడ కాంక్రీటుదైతే సుత్తి పనికిరాదు, డ్రిల్లింగ్ మిషన్ తెప్పించాలి. తెప్పించాక, ఆ పని ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వకుండా మీవారి చేతికే ఇవ్వండి.