సోలార్ ప్యానెళ్లు చూసి సీటు తీసుకోవచ్చా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) చదువుతానంటోంది. మేం వెళ్లిన ప్రతి ప్రైవేటు కాలేజీలోనూ గ్రీన్ క్యాంపస్ అని ఊదరగొడుతున్నారు. వీళ్లకి ఉన్నట్టుండి మొక్కల మీద ఇంత ప్రేమేంటి? సీటు తీసుకునేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవాలా?"

నమస్కారమండీ. ప్రేమ సంగతి తర్వాత, ముందు కరెంటు బిల్లు చూడండి. మన ఏప్రిల్ ఎండల్లో కంప్యూటర్ ల్యాబుల ఏసీలు ఆపితే ఎవరూ కూర్చోలేరు. క్లాసులు జరిగే వేళ, ఎండ కాసే వేళ ఒకటే కాబట్టి డాబా మీద సోలార్ వాళ్లకి లాభసాటి బేరం. ఎవరూ చెప్పకపోయినా పెట్టించుకుంటారు.

రెండోది న్యాక్ గ్రేడు. న్యాక్ అంటే కాలేజీల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ. ఇన్నేళ్లుగా నడిచిన పద్ధతిలో 1000 మార్కులకి ఏడో విభాగం 100. సోలార్, ఎల్ఈడీ దీపాలు, ఇంకుడు గుంతలు, చెత్త నిర్వహణ, గ్రీన్ ఆడిట్ అన్నీ అందులోవే. యూనివర్సిటీ అనుబంధ కాలేజీలకి బోధన, మూల్యాంకనాల విభాగం 350. కానీ మంచి లెక్చరర్ని తెచ్చి నాలుగేళ్లు నిలబెట్టుకోవడం కన్నా ప్యానెళ్లు బిగించడం తేలిక కదా!

బ్రోషర్లలో కనబడే గ్రీన్ ర్యాంకుల్లో ఇండోనేషియా యూనివర్సిటీ 2010లో మొదలెట్టిన గ్రీన్‌మెట్రిక్ ఒకటి. దానికి వివరాలు పంపేది కాలేజీవాళ్లే. ఇక చెత్త నిబంధనల ప్రకారం రోజుకి 100 కిలోలు దాటి చెత్త వచ్చే సంస్థలు తడిచెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలి. పెద్ద హాస్టల్ ఉంటే మెస్‌లో మిగిలిన అన్నం, కూరలతోనే ఆ లెక్క దాటిపోతుంది.

ఆమధ్య విజయవాడ దగ్గర ఒక క్యాంపస్‌కి వెళ్లాను. ఇంకుడు గుంత పక్కన బోర్డు రంగు ఇంకా ఆరలేదు, చెయ్యి పెడితే అంటింది. గుంతలోకి తొంగిచూస్తే టీ కప్పులు, గుట్కా కవర్లు. కమిటీ వచ్చేది ఆ మర్నాడట!

కాబట్టి దీన్నిబట్టి సీటు తీసుకోవద్దు. ముందు ఫ్యాకల్టీ, ల్యాబులు, ఫీజు చూడండి. అయితే మీ అమ్మాయి ఎంచుకున్నది ఈఈఈ కాబట్టి ఒక్క మాట అడగండి: "ఎనర్జీ ఆడిట్ రిపోర్ట్ (కరెంటు ఎక్కడ ఎంత ఖర్చవుతోందో చెప్పే లెక్క) చూపిస్తారా? ఇన్వర్టర్, మీటర్ రీడింగులు పిల్లలు తీస్తారా, కాంట్రాక్టరు మనిషి తీస్తాడా?" పిల్లలే తీస్తుంటే ఆ డాబా ల్యాబ్‌తో సమానం. డిగ్రీ తర్వాత కొన్నేళ్ల అనుభవంతో కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాసేటప్పుడు ఆ చదువు అక్కరకొస్తుంది.

కాలేజీ చూడ్డానికి పొద్దున్నే వెళ్లకండి, మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. రిసెప్షన్లో కాఫీ తాగాక మెస్ వెనక్కి నడిచి, మిగిలిన అన్నం ఎటు పోతోందో చూడండి.