సీమ సినిమాలు చూస్తే సీమవాళ్ళకి కోపం వస్తుందా?

మాది కర్నూలు. ప్రశ్నలో రెండు సంగతులు అడిగారు. రాయలసీమ అంటే బాంబులూ వేటకొడవళ్ళే అన్నట్టు తీస్తుంటే మీకు కోపం రాదా, మీ ప్రాంతాన్ని సరిగ్గా చూపించిన సినిమా ఏదైనా ఉందా అని.

బాంబుల మీద నాకు పెద్ద కోపమేం లేదండీ. 1997లో 'ప్రేమించుకుందాం రా' వచ్చింది, 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 2003లో 'ఒక్కడు'. ఇవన్నీ ఎగబడి చూసింది మేమే, బ్లాకులో టికెట్లు కొన్నది మేమే, సుమోలు గాల్లోకి లేస్తుంటే కాగితాలు చింపి ఎగరేసింది కూడా మేమే, ఇప్పుడొచ్చి మా మనోభావాలు దెబ్బతిన్నాయంటే నవ్వుతారు. ఫ్యాక్షన్ అసలు లేదని నేననను. ఉండేది, మనుషులు పోయారు, ఊళ్ళు పాడయ్యాయి. సినిమావాళ్ళు గాల్లోంచి పుట్టించిందేమీ కాదు, కాకపోతే కొన్ని ఊళ్ళ కథని నాలుగు జిల్లాలకీ అంటగట్టారు.

నన్ను గుచ్చేది వేరే, అది భాష. ఆ సినిమాలు ఇప్పుడు టీవీలో వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని వినండి. విలన్ మాట్లాడేది మా మాట, హీరో మాట్లాడేది బెజవాడ మాట. కొన్నిట్లో ఇద్దరిదీ ఒకే ప్రాంతం, ఒకే ఎండ, ఒకే బోరు నీళ్ళు, కానీ మంచోడు కాగానే యాస ఎగిరిపోతుంది. ఒకసారి ఇట్లాంటిదే ఏదో సినిమా వస్తుంటే మా అమ్మ చిక్కుడుకాయలు తుంచుకుంటా తల కూడా ఎత్తకుండా, "వాళ్ళ నాయన చూస్తే మన మాదిరి మాట్లాడతాండాడు, ఈ పిల్లోడు యాడ పెరిగినాడంటరా?" అనింది. ఆ ప్రశ్న ఒక్క రివ్యూలోనూ నాకు కనబడలేదు.

ఇట్లాంటి విలన్ వేషాలకి పేరుపడ్డ జయప్రకాష్ రెడ్డి గారిని తప్పు పట్టను, ఆయనది మా జిల్లానే, సిరివెళ్ళ, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది. 'ప్రేమించుకుందాం రా'లో ఆయన మాట్లాడింది పుట్టిన గడ్డ మాట కాబట్టే అంత పండింది. దాన్ని పట్టుకుని ఆ తర్వాత వచ్చిన ప్రతి విలన్ చేతా, ఏ భాష నటుడైనా సరే, అదే గొంతుతో అరిపించడంతోనే వచ్చింది తంటా.

దాని ఫలితం ఎట్లుంటుందో హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక తెలిసింది. మాది కర్నూలు అని చెప్పగానే క్యాంటీన్‌లో పక్కన కూర్చున్నాయన చపాతీ పక్కన పెట్టి తొడ కొట్టినట్టు చేసి, "ఏదీ, ఒకసారి మీ యాసలో తిట్టండి" అన్నాడు. చెడ్డవాడేం కాదు, ఇప్పటికీ స్నేహితుడే. కానీ ఆయన తర్వాత కూడా ఎంతమంది అడిగారో, అందరూ తిట్టమనే అడిగారు. ఈ యాసలో చంటిపిల్లల్ని ముద్దు చేస్తారనీ, పెళ్ళిచూపులు జరుగుతాయనీ, అప్పు తీర్చమని మొహమాటంగా అడుగుతారనీ వాళ్ళకి తోచదు, తెర మీద వింటే కదా తోచడానికి! ఇక నేనూ ఆఫీసులో ఒక తెలుగు, అమ్మకి ఫోన్ చేస్తే ఇంకో తెలుగు, మా సీమోళ్ళు చాలామంది అంతే.

తెలంగాణ యాసకీ ఒకప్పుడు ఇదే గతి, కమెడియన్‌కో రౌడీకో పెట్టేవాళ్ళు. 2017లో 'ఫిదా'లో హీరోయిన్ ఆ యాసలోనే గడగడా మాట్లాడింది, 2023లో 'బలగం'లో ఇంటిల్లిపాదీ మాట్లాడారు, జనం నెత్తిన పెట్టుకున్నారు. మా పక్క చిత్తూరు మాటకి 'పుష్ప'తో దశ తిరిగింది. కాబట్టి హీరో యాస మాట్లాడితే సినిమా ఆడదు అనే సాకు ఇంక చెల్లదు.

మాలో మాకే తేడాలున్నాయి, అది ఇంకో గోల. అనంతపురం వాళ్ళు మాటమాటకీ 'అప్పా' అంటారు, కన్నడం కలుస్తుంది. కడప వాళ్ళు 'అబ్బీ' అని పిలుస్తారు. మా కర్నూల్లో ఉర్దూ బాగా దొర్లుతుంది. సినిమాకి ఇవన్నీ ఒకే కుండలో కూర. అయినా అందరినీ బయటివాళ్ళని అనేదేముందిలెండి, 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్. రెడ్డి గారిది పులివెందుల దగ్గర ఊరు, 'మాయాబజార్' తీసిన కె.వి. రెడ్డి గారిది తాడిపత్రి. తెలుగు సినిమాకి అంత పేరు తెచ్చిన మావాళ్ళే మా మాటని మద్రాసు దాకా తీసుకుపోలేదు. ఆ కాలం అట్లాంటిది, పైగా ఆ కథలకి ఆ భాషే అందం, ఒప్పుకుంటా.

ఇక రెండో ప్రశ్న, మా ప్రాంతాన్ని సరిగ్గా చూపించిన సినిమా. 2018లో వచ్చిన 'అరవింద సమేత'లో కత్తులు ఉన్నాయి, నెత్తురు కూడా బాగానే ఉంది, కానీ హీరో నోట మా మాట వచ్చింది. పాటలు రాసే పెంచల్ దాస్ గారి లాంటి సీమ మనిషిని పక్కన పెట్టుకుని రాశారు కాబట్టి పాటల్లోనూ ఆ మట్టి తెలుస్తుంది. ఇంట్లో ఆడవాళ్ళు మాట్లాడే చోట మా థియేటర్లో ఈలలు ఆగిపోయాయి. 'ఒక్కడు' నాకిష్టమే, అదొక సరదా, మా కర్నూలు కొండారెడ్డి బురుజు ముందు ఫోటో దిగేవాళ్ళలో సగం మంది ఇప్పటికీ ఆ సినిమా పేరే చెబుతారు. మళ్ళీ 2020లో 'సరిలేరు నీకెవ్వరు'లో అదే బురుజు చూసి మురిసిపోయాం, తీరా చూస్తే అది ఫిల్మ్ సిటీలో వేసిన సెట్టంట!

ఫ్యాక్షన్ వాసన లేనిది కావాలంటే 'సినిమా బండి' చూడండి, 2021లో వచ్చింది. ఆటో నడిపే మనిషికి ఖరీదైన కెమెరా దొరుకుతుంది, ఊరోళ్ళంతా కలిసి సినిమా తీస్తారు, అంతే కథ. అందులోది కర్ణాటక సరిహద్దు తెలుగు, మాకంటే హిందూపురం, మడకశిర వాళ్ళకి దగ్గర, మొదటి పది నిమిషాలు మా అమ్మే కొన్ని మాటలకి అర్థం అడిగింది. నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, గంటా నలభై నిమిషాల్లో అయిపోతుంది, ఫైట్లు లేవని ముందే చెబుతున్నా.