పెట్రోల్ పన్ను పెంచితే అమెరికాలో కార్లు తగ్గుతాయా?

యూరప్‌లో లాగా పెట్రోల్ మీద పన్ను వేస్తే అమెరికాలోనూ జనం కార్లు వదిలేస్తారా, లేక జనసాంద్రత తక్కువ కాబట్టి ఎలాగూ కుదరదా అని అడిగారు. నేను టెక్సస్‌లో డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలో ఉండి వచ్చాను, ఇప్పుడు జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఉంటున్నాను. నేను చూసినంతలో పన్ను ఒక్కటే సరిపోదు. జనసాంద్రత అనే సాకు మాత్రం అసలు నిలవదు.

పన్నులో తేడా భారీగానే ఉంది. అమెరికాలో ఫెడరల్ పన్ను గ్యాలన్‌కు 18.4 సెంట్లు, 1993 నుంచి మారలేదు. టెక్సస్ పన్ను 20 సెంట్లు, అది 1991 నాటిది. రెండూ కలిపి లీటరుకు 10 సెంట్లే. జర్మనీలో ఇంధన పన్ను ఒక్కటే లీటరుకు 65 యూరో సెంట్లు, దాని పైన కార్బన్ ధర (కర్బన ఉద్గారాలకు కట్టే రుసుము), 19 శాతం వ్యాట్.

ఇక జనసాంద్రత. 2020లో ఫ్రిస్కో జనాభా రెండు లక్షలు, విస్తీర్ణం దాదాపు 180 చదరపు కిలోమీటర్లు. ఫ్రైబుర్గ్‌లో రెండు లక్షల ముప్పై వేల మంది, 153 చదరపు కిలోమీటర్లు. సగటు చూస్తే మరీ పెద్ద తేడా లేదు. కానీ ఫ్రైబుర్గ్‌లో చాలా భాగం అడవి. జనమంతా మిగిలిన చోట దగ్గరదగ్గరగా ఉంటారు, ట్రామ్ వాళ్ల మధ్యలోంచే వెళ్తుంది. ఒకప్పటి ఫ్రెంచి సైనిక బ్యారక్‌ల స్థలంలో కట్టిన వౌబాన్ పేటకు 2006లోనే ట్రామ్ వేశారు. అక్కడ కార్లు పేట అంచున ఉన్న పార్కింగ్ భవనాల్లో పెట్టుకోవాలి. ఇంటి నుంచి ట్రామ్ స్టాపే దగ్గర!

ఫ్రిస్కోలో మా కమ్యూనిటీ చుట్టూ ప్రహరీ ఉండేది. గోడ అవతలే కూరగాయల షాపు. కానీ గేటు రెండో వైపు. అంత చుట్టూ తిరిగి, టెక్సస్ ఎండలో ఆరు లేన్ల రోడ్డు దాటాలి. ఊళ్లో పొద్దున్నే మార్కెట్‌కి నడిచి వెళ్లొచ్చే మా నాన్నగారు అక్కడ "ఆఫీసు నుంచి ఎప్పుడొస్తావురా" అంటూ సాయంత్రం దాకా ఎదురుచూసేవారు. అది చూస్తే నాకు చాలా బాధేసేది. ఇక్కడికి వచ్చాక ట్రామ్ ఎక్కి తనంతట తానే బయటికి వెళ్లొస్తున్నారు.

ఫ్రిస్కోలో రూటు బస్సు ఎందుకు లేదంటే, కారణం డబ్బు లెక్క. డాలస్ రవాణా సంస్థ డార్ట్‌లో చేరాలంటే అమ్మకపు పన్నులో డాలరుకు ఒక సెంటు, అంటే ఒక శాతం, ఇవ్వాలి. టెక్సస్‌లో ఆ పన్ను 8.25 శాతం దాటకూడదు. అందులో 6.25 రాష్ట్రానిదే. మిగిలిన రెండు సెంట్లలో ఒకదాన్ని ఫ్రిస్కో రెండు అభివృద్ధి కార్పొరేషన్లకు చెరి సగం ఇచ్చేసింది. రెండోది నగర ఖర్చులకు. బస్సుకు ఇక ఏం మిగులుతుంది?

ఈ పరిస్థితిలో పెట్రోల్ పన్ను పెంచితే మా స్నేహితులంతా ఆ పన్నూ కట్టి అదే కారు నడుపుతారు. మీరు ఫ్రిస్కో లాంటి ఊళ్లో ఉంటే సిటీ కౌన్సిల్ సమావేశానికి వెళ్లి ముందు ఆ ఒక్క సెంటు గురించి, గోడకి ఇంకో గేటు గురించి అడగండి.